బిట్లు చెప్పారా?

సంక్రాంతి సెలవులకి విశాఖపట్నం నుంచి వచ్చిన మా అబ్బాయి, "అమ్మా, ఈ సినిమా నువ్వు చూడాల్సిందే" అంటూ లాప్‌టాప్ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. అది 2017లో వచ్చిన థాయ్‌లాండ్ సినిమా, పేరు 'బ్యాడ్ జీనియస్'. నాకు థాయ్ భాష రాదు. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు నేను చదివేలోపే మారిపోతాయి. వాడు పక్కన కూర్చుని చెబుతుంటే చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ చూడడం మొదలుపెట్టాను. అరగంట తిరక్కుండా చిక్కుళ్ళు పక్కన పెట్టేశాను.

కథ పరీక్షల్లో కాపీ గురించి. లిన్ అనే అమ్మాయి చాలా తెలివైనది, తండ్రి టీచరు. పెద్ద బడిలో చేరిన కొత్తలో స్నేహితురాలు పరీక్షలో ఇబ్బంది పడుతుంటే జాలిపడి, రబ్బరు మీద జవాబులు రాసి, బూటులో పెట్టి వెనక్కి తోస్తుంది. అంతే, అక్కడితో మొదలు. తర్వాత డబ్బున్న పిల్లలు వరస కడతారు. ఏ జవాబో పియానో వాయించినట్టు వేళ్ళు కదిపి చెబుతుంది. చివరికి ఆస్ట్రేలియాకి వెళ్ళి, అక్కడ ముందుగా తెల్లవారుతుంది కాబట్టి, అదే పరీక్ష ముందే రాసి జవాబులు థాయ్‌లాండ్‌కి పంపే దాకా పోతుంది. ఆమెతో వెళ్ళిన ఇంకో తెలివైన కుర్రాడి తల్లి బట్టలుతికే దుకాణం నడుపుతుంది. కొనుక్కున్న పిల్లలకి పెద్దగా ఏమీ కాదు. తెలివి అమ్ముకున్న పిల్లల బతుకే తలకిందులవుతుంది.

మావాడు ఆ వేళ్ళ లెక్కకి, గడియారాల లెక్కకి మురిసిపోయాడు. నాకు మాత్రం ఆ రబ్బరు ముక్క దగ్గరే మనసు ఆగిపోయింది. ఎందుకో చెబుతాను.

నేను పదో తరగతి రాసింది 1995లో. అప్పుడు పదకొండు పేపర్లు, చివరి అరగంటలో విడిగా ఒక బిట్ పేపరు. ఒకరోజు గదిలో ఉన్న మాస్టారు నా బిట్ పేపరు చేతిలోకి తీసుకుని, ఒకటి ఏ, రెండు సి అంటూ గదంతా వినపడేలా చదివేశారు. అందరూ రాసుకున్నారు. నాకు సిగ్గు వేయలేదు సరికదా, గర్వంగా అనిపించింది. ఇంటికి వచ్చి మా అమ్మతో చెబితే, "పోనీలే, పదిమందికి పనికొచ్చావు" అని మురిసిపోయింది. పుణ్యం చేసినట్టే అనుకున్నాం ఇద్దరం.

కాపీ అనగానే మనకి పేపర్లో పడే పెద్ద దొంగతనాలే గుర్తొస్తాయి. 2016లో తెలంగాణ ఎంసెట్-2 ప్రశ్నపత్రం ముందే బయటికి వచ్చింది. దళారులు లక్షలు పుచ్చుకుని పిల్లల్ని వేరే రాష్ట్రాల నగరాలకి తీసుకెళ్ళి, గదుల్లో కూర్చోబెట్టి ఆ ప్రశ్నలు బట్టీ పట్టించారు. జూలై 9న రాసిన పరీక్ష రద్దయి, నిజాయితీగా రాసిన వేలమంది సెప్టెంబర్ 11న మళ్ళీ రాయాల్సి వచ్చింది. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ 27న పదో తరగతి పరీక్షలు మొదలైన రోజే తెలుగు పేపరు ఫోటోలు వాట్సాప్‌లో తిరిగాయి. ఆ కేసుల్లో అరెస్టయిన వాళ్ళలో టీచర్లున్నారు. దీనికి చట్టం లేక కాదు, 1997 నుంచీ ఉంది. ఒక్కటి గమనించండి. ఆ లక్షలు పిల్లల జేబుల్లోంచి రాలేదు. ఆ ఫోటోలు తీసింది పిల్లలు కాదు.

ఇక మా ఊరి సంగతి. మావారి రైల్వే ఉద్యోగం వల్ల మేం టైడాలో ఉంటున్నాం. కిరండూల్ రైలు కొండెక్కుతూ సొరంగాల మధ్య ఆగే చిన్న స్టేషను మాది. రోడ్డు పక్కన సీతాఫలాలూ పనసకాయలూ అమ్మే ఒకావిడ మా ఇంటికి వస్తూ ఉంటుంది. వాళ్ళింట్లో మాట్లాడేది కువి భాష. ఆవిడ కూతురు పదో తరగతిలో ఉన్నప్పుడు సాయంత్రాలు నా దగ్గరికి తెలుగు చెప్పించుకోవడానికి వచ్చేది. మంచి పిల్ల. కానీ పాఠంలో ఒక పేరా చదవాలంటే కూడబలుక్కునేది. ఒత్తులు వస్తే ఆగిపోయేది. పాఠం అయ్యాక "తెలిసిందా?" అంటే మాత్రం తలూపేసేది. నేను బీఏ తెలుగు చదివినదాన్ని, ఆ పిల్ల చదవలేకపోతోందని నాకు మొదటి వారంలోనే తెలిసింది. అయినా ఏమన్నానో తెలుసా? "భయపడకు, పరీక్షలో బిట్లు చెబుతారులే" అన్నాను. ఇప్పుడు విడిగా బిట్ పేపరు లేకపోయినా మా నోట ఒక మార్కు ప్రశ్నలన్నీ బిట్లే.

చెప్పారు కూడా. పిల్ల గట్టెక్కింది. నేనే ఫోన్లో ఫలితం చూసి, ఆవిడకి చెప్పి, పరవాన్నం చేసి పెట్టాను.

నర్సు అవ్వాలని బైపీసీలో చేరి, కొండ దిగి హాస్టల్లో ఉంది. దసరా సెలవులకి వచ్చి మళ్ళీ వెళ్ళనంది. పుస్తకం తెరిస్తే ఏమీ అర్థం కావడం లేదట, అందరి ముందూ చదవమంటే ఏడుపొస్తోందట. వాళ్ళమ్మ మా గుమ్మంలో కూర్చుని నన్నడిగింది: "పాసైపోనాదని నువ్వే సెప్పినావు కదమ్మా. మరి సదువు రాదంతారేటి?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

మావారితో అంటే ఆయనో మాట అన్నారు. "పట్నం పిల్లలకి ట్యూషన్లు, కార్పొరేట్ కాలేజీలు. కొండ మీద పిల్లలకి ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి. అసలే వెనకబడ్డ పిల్లలకి నాలుగు బిట్లు చెబితే ఏం పోయింది?" ఈ మాట కొట్టిపారేసేది కాదు. నేనూ అన్నాళ్ళూ అలాగే అనుకున్నాను.

కానీ ఏం పోయిందో ఇప్పుడు తెలిసింది. ఆ పిల్ల ఐదో తరగతిలో చదవలేకపోయినప్పుడు ఎవరో ఒకరు గమనించి ఉండాలి. ఏడులో, తొమ్మిదిలో గమనించి ఉండాలి. ఇంటి భాష వేరైన పిల్లలకి ముందు వాళ్ళ భాషలోనే చెప్పాలని మన ప్రభుత్వమే ఒప్పుకుని, కువిలోనూ పుస్తకాలు వేయించింది. అంటే చెప్పే దారి తెలియక కాదు. పదేళ్ళలో ఏ పెద్దవాళ్ళూ చేయని పనిని పరీక్ష గదిలో అరగంటలో కప్పేశాం. పాస్ అని పడగానే బడి మీద మాట పడలేదు, అధికారి అడగలేదు, సాయంత్రాలు పాఠం చెప్పిన నన్నూ ఎవరూ అడగలేదు. అందరం బయటపడ్డాం, ఆ పిల్ల ఒక్కతీ తప్ప. బిట్లు చెప్పింది పిల్ల కోసమని అనుకున్నాం గానీ, చెప్పుకున్నది మన కోసం.

డబ్బిచ్చి కొనుక్కున్న కాపీ ఇంకొకరి సీటు లాక్కుంటుంది. జాలితో ఇచ్చిన కాపీ, ఇచ్చిన పిల్ల చదువునే లాక్కుంటుంది. మొదటిదానికి కేసు ఉంది. రెండోదానికి నేను పరవాన్నం వండాను.

మార్చి వస్తోంది. మీ ఇళ్ళల్లోనూ పదో తరగతి పిల్లలు ఉండే ఉంటారు. పరీక్ష రాసి వచ్చిన పిల్లని మనం గుమ్మంలో మొదట ఏమడుగుతామో ఒకసారి గుర్తుచేసుకోండి. "స్ట్రిక్టా? స్క్వాడ్ వచ్చిందా? బిట్లు చెప్పారా?" మా అబ్బాయినీ నేను ఇవే అడిగాను. చెప్పలేదంటే ఆ సారుని తిట్టుకున్నాను కూడా. ఇలా అడిగే తల్లి, కాపీ తప్పని నోటితో ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు నమ్మరు. ఈసారి "ఏం రాశావు? ఏది రాలేదు?" అని అడిగి చూద్దాం. రానిదేదో తెలిస్తే కదా నేర్పడానికి.

ఆ పిల్ల మళ్ళీ సాయంత్రాలు వస్తోంది. ఈసారి పదో తరగతి పుస్తకం తీయలేదు, నాలుగో తరగతి వాచకంతో మొదలుపెట్టాం. మొదటి రోజు నామోషీ పడింది. నేనే ముందు క్షమించమన్నాను, దేనికో దానికి అర్థమైందో లేదో మరి. నిన్న ఒక పేజీ చదువుతూ మధ్యలో ఆగి, వేలు పెట్టి చూపించి, "ఆంటీ, ఇది నాకు రాదు" అంది. అప్పట్లో నాతో ఒక్కరోజు కూడా అలా అనలేదు.