రిలీవింగ్ ఆర్డర్‌లో లాగిన్ సంగతీ రాయండి



ఆఫీసు సర్వర్లలో వాడకం లేని యూజర్ ఖాతాలను ఏరివేయాలనే మాట ఈ మధ్య తరచుగా వినపడుతోంది. మంచిదే. అయితే వాటిని గుర్తుపట్టే పద్ధతే సరిగా లేదని నా అభిప్రాయం. నాయుడుపేట, మేనకూరు చుట్టుపక్కల చిన్న కంపెనీలకూ కాలేజీలకూ కంప్యూటర్లు చూసిపెట్టడం నా పని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మామూలుగా ఏం చేస్తారంటే, ఎవరు చివరిసారి ఎప్పుడు లాగిన్ అయ్యారో సర్వర్‌ని అడుగుతారు. లినక్స్‌లో లాస్ట్‌లాగ్ కమాండ్ కొడితే 90 రోజులుగా ఇటు తొంగిచూడని పేర్లన్నీ వరసగా వచ్చేస్తాయి. కార్డు చెల్లింపులు నడిపే సంస్థలకు పీసీఐ ప్రమాణం పెట్టిన గడువు కూడా అదే 90 రోజులు. ఆ జాబితాలో నాలుగు పేర్లు కొట్టేసి, పనైపోయిందని చేతులు దులుపుకుంటారు.

అసలు ప్రమాదం ఆ జాబితాకు ఎక్కనే ఎక్కదు. మన ఆఫీసుల తీరు తెలిసిందే కదా! ఒకాయన బదిలీ మీద వెళ్లిపోతాడు. ఆయన పాస్‌వర్డ్ పక్క సీటు వాళ్లందరికీ నోటికొచ్చు. కొత్తగా వచ్చినాయనకు లాగిన్ ఇంకా రాలేదు, పని ఆగకూడదు. ‘సారు లాగిన్‌లోనే కానిచ్చేయ్’ అంటారు. వారం రోజులకని మొదలైంది ఏడాది నడుస్తుంది. మనిషి నెల్లూరులో ఉంటాడు, ఆయన పేరు మీద పనులు ఇక్కడ జరుగుతుంటాయి. సర్వర్ లెక్కలో మాత్రం అది నిక్షేపంగా నడుస్తున్న ఖాతా, ఈ పొద్దు కూడా లాగిన్ అయింది. రేపేదైనా తేడా వస్తే సంజాయిషీ అడిగేది ఆ వెళ్లిపోయినాయననే. ఫ్యాక్టరీల్లోనూ ఇదే వరస. ఈ నెల మేనకూరులో ఉన్న సూపర్‌వైజర్ వచ్చే నెల శ్రీసిటీలో చేరతాడు, స్టోర్స్ లాగిన్ ఇక్కడే మిగిలిపోతుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన తప్పు ఇంకొకటుంది. ఏడాదికోసారి అడ్మిషన్లప్పుడే తెరిచే ఖాతా, ప్రసూతి సెలవులో ఉన్న అమ్మాయి ఖాతా తేదీ చూసే వాళ్లకు చచ్చిన ఖాతాల్లాగే కనిపిస్తాయి. లాగిన్లను సరిచూసే విండోస్ సర్వర్లు (డొమైన్ కంట్రోలర్లు) రెండు మూడు ఉన్నచోట ఇంకో చిక్కు: కచ్చితమైన లాగిన్ సమయాన్ని ఏ సర్వర్‌కా సర్వరే రాసుకుంటుంది, పక్కదానికి చెప్పదు. అన్నిటికీ చేరే తేదీ రెండు వారాల దాకా వెనకబడి ఉండొచ్చు. ఒక్కదాన్నే అడిగి తీర్పు చెప్పేస్తే బతికున్న ఖాతా పోతుంది.

ఓటర్ల జాబితా సవరించేటప్పుడు బూత్ స్థాయి అధికారి (బీఎల్‌ఓ), పోయినసారి ఓటేశారా అని అడగడు. ఇంటికొచ్చి మనిషి ఉన్నాడా లేడా అని చూస్తాడు. ఇక్కడా అదే చెయ్యాలి. లెక్క సర్వర్ దగ్గర కాదు, జీతాల పట్టిక దగ్గర మొదలవ్వాలి. పట్టికలో పేరు లేకుండా సర్వర్‌లో ఉన్న ప్రతి ఖాతాకూ, అది నిన్న వాడినదైనా సరే, ఒక బాధ్యుడు కావాలి. బ్యాకప్‌లకూ హాజరు యంత్రాలకూ పెట్టిన ఖాతాలకు కూడా. లేకుంటే మూసెయ్యాలి. ఒకరి లాగిన్ ఇంకొకరు వాడుతున్నారేమో తేల్చుకోవాలంటే, ఏ కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యారో లాగ్‌లు చెబుతాయి. వాటిని 180 రోజులు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. ఉంచడం సరే, తెరిచి చూసేదెవరు?

మూసెయ్యడమంటే డిలీట్ చెయ్యడం కాదు. లినక్స్‌లో ఖాతా తీసేశాక దాని యూజర్ నంబరే కొత్త ఖాతాకు పడితే, సర్వర్‌లో మిగిలిన పాతాయన ఫైళ్లు కొత్తాయనవి అయిపోతాయి. పాస్‌వర్డ్ ఒక్కటే లాక్ చేసినా చాలదు, పాస్‌వర్డ్ అడగని ఎస్‌ఎస్‌హెచ్ కీ ఉన్నవాడు దర్జాగా లోపలికొస్తాడు. ఖాతాకు గడువు తేదీ పెట్టి ఆపాలి, ఆ కీలు తీసెయ్యాలి.

ఇంత పట్టింపు దేనికంటారా? 2021 మే నెలలో అమెరికా తూర్పు తీరానికి ఇంధనం పంపే కొలోనియల్ పైప్‌లైన్ సైబర్ దాడితో కొన్ని రోజులు ఆగిపోయింది. దొంగలు దూరింది వాడకం మానేసినా మూయకుండా వదిలేసిన ఒక వీపీఎన్ ఖాతాలోంచి. పాస్‌వర్డ్ తప్ప రెండో తనిఖీ ఏదీ దానికి లేదు. కంపెనీ వాళ్లకు 75 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి లెక్కలో సుమారు 44 లక్షల డాలర్లు చెల్లించుకుంది.

ఇలా బిగిస్తే పనులు ఆగిపోతాయని కొందరంటారు. ఆ భయం నిజమే. పక్కవాడి లాగిన్ వాడేది దొంగబుద్ధితో కాదు, కొత్త లాగిన్ చేతికి రావడం ఆలస్యమై. కాబట్టి ముందు దిద్దాల్సింది దాన్ని. చేరిన రోజే లాగిన్ ఇస్తే అరువు లాగిన్ అవసరమే ఉండదు.

జిల్లాల పునర్విభజనలో 2022 ఏప్రిల్ 4న మన నాయుడుపేట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అప్పటి పాత లాగిన్లు ఏమయ్యాయో ప్రతి ఆఫీసూ ఒకసారి సరిచూసుకోవాలి. ఇకమీద ఎవరు రిలీవ్ అయినా, ఆర్డర్‌లో ‘లాగిన్ ఆపాం’ అన్న ఒక్క లైను, కింద తేదీ, ఆపినవారి సంతకం ఉండేలా చూడాలని అధికారులనూ, కాలేజీల, ఫ్యాక్టరీల యాజమాన్యాలనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నాయుడుపేట, తిరుపతి జిల్లా