పోటీ లేని రోజులు

మైదానం నుండి తిరిగి వచ్చిన బిడ్డను వాకిట్లోనే మనం అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "గెలిచారా?" ఔనంటే ఆ పూట ఇంట్లో మిఠాయి, కాదంటే మౌనం. ఆ మౌనానికి మనం ఏ అర్థమూ ఉద్దేశించకపోవచ్చు. బిడ్డ మాత్రం దానికి ఒక అర్థం చెప్పుకుంటాడు, చెప్పుకుంటుంది. తన విలువ స్కోరుబోర్డు మీద ఉన్నదని నమ్మడం అక్కడే మొదలవుతుంది.

బడిలోనో జిల్లా స్థాయిలోనో ఆడే పిల్లలకు ఏడాది మొత్తంలో అసలైన పోటీలు జరిగే రోజులు కొద్ది. తక్కినవన్నీ సాధన, చదువు, నిద్ర, గాయాలు, నిరీక్షణ. క్రీడాకారుని తీర్చిదిద్దేవి ఆ తక్కిన రోజులే. అవి చాలావరకు మన ఇళ్లలోనే గడుస్తాయి గనుక వాటి గురించి ఈ మాసం పాఠకులతో ముచ్చటించదలచాము.

నిజామాబాద్ ఆడబిడ్డ నిఖత్ జరీన్ పేరు వినని తెలుగు ముస్లిం కుటుంబం ఈనాడు ఉండదు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్‌ను 5-0తో ఓడించి ఆమె ప్రపంచ విజేత అయినప్పుడు అందరూ ఆ ఒక్క పోటీ గురించే మాట్లాడుకున్నారు. దానికి ముందు గడచిన పదకొండేళ్ల వైపు కూడా ఒకసారి చూడాలి. ఆమె జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచినది 2011లో, అదీ టర్కీలోనే, అంతల్యా నగరంలో. చిన్న వయసులో అంతటి విజయం దక్కిన బిడ్డకు, ఇక వరుసగా గెలుపులే ఉంటాయని ఇల్లూ ఊరూ కూడా ఆశిస్తాయి. అలా జరగలేదు. 2017లో భుజానికి తీవ్రగాయమైంది, శస్త్రచికిత్స అవసరమైంది, సుమారు ఏడాది కాలం ఆటకు దూరమైంది. తనతోటి వారు పతకాలు తెస్తూంటే భుజానికి కట్టుతో కూర్చోవలసి రావడం ఎంత బరువైన పరీక్షో ఊహించుకోవచ్చు.

2019లో మరొక పరీక్ష ఎదురైంది. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు తన బరువు విభాగంలో సెలక్షన్ ట్రయల్స్ లేకుండానే మేరీ కోమ్‌ను పంపే ఆలోచన జరుగుతున్నదని తెలిసి, న్యాయంగా ట్రయల్స్ జరపాలని ఆమె కేంద్ర క్రీడామంత్రికి బహిరంగంగా లేఖ వ్రాసింది. ఆ చిన్న వయసులో అంతటి దిగ్గజాన్ని ఎదిరించిందని విమర్శించినవారు ఉన్నారు. ఆ డిసెంబరులో ట్రయల్స్ జరిగాయి. నిఖత్ 9-1 తేడాతో ఓడిపోయింది. ఆమె అడిగింది తనను గెలిపించమని కాదు, పోటీ పడనివ్వమని. అవకాశం దక్కింది, ఓటమీ దక్కింది, మళ్లీ సాధనకు వెళ్లింది. తన హక్కును మర్యాదగా అడగడం, అడిగి సాధించుకున్న చోట ఓడిపోతే ఆ ఫలితాన్ని మోయడం అనే రెండు విద్యలు ఏ కోచింగ్ శిబిరంలోనూ విడిగా నేర్పరు. మా దృష్టిలో ఆమె సాధించిన పతకాలతో సమానమైన ఘట్టమిది.

ఆ తరువాత 2022లో ఇస్తాంబుల్, అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, 2023లో ఢిల్లీలో రెండవ ప్రపంచ టైటిల్. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన వూ యూ చేతిలో తొలి దశల్లోనే ఓటమి. చివరకు ఆ విభాగంలో స్వర్ణం గెలిచినది ఆ వూ యూనే. డ్రా చీటీ మన చేతిలో ఉండదు కదా.

ఈ ప్రయాణంలో ఇంటి పాత్రను ప్రత్యేకంగా గమనించాలి. సౌదీ అరేబియాలో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసిన తండ్రి, కుమార్తెల చదువు కోసం, ఆట కోసం స్వస్థలానికి తిరిగి వచ్చేశారు. ఆయన స్వయంగా ఒకప్పటి క్రీడాకారుడు. ముఖంపై దెబ్బలతో వచ్చిన కూతురిని చూసి, రేపు ఈ పిల్లను ఎవరు చేసుకుంటారని తల్లి కంటతడి పెట్టుకున్న సంగతి నిఖత్ స్వయంగా పలుమార్లు చెప్పింది. ఆ తల్లి భయాన్ని తేలికగా తీసిపారేయడం మాకు ఇష్టం లేదు. మన ఇళ్లలో ఆడపిల్ల ఆడుతున్నదంటే బంధువుల మాటలు మొదట తగిలేది తల్లికే. ఆ మాటలు బిడ్డ చెవిన పడకుండా మధ్యలోనే ఆపినవారు కూడా చాలాసార్లు తల్లులే.

ఓటమి విషయంలో దైవప్రవక్త (స) జీవితం నుండి ఒక ఘటన మనకు సుపరిచితం. పందెంలో ఎన్నడూ వెనుకబడని ఆయన ఒంటెను ఒకరోజు ఒక పల్లెవాసి ఒంటె దాటిపోయింది. సహచరులు ఎంతో బాధపడ్డారు. లోకంలో పైకెగసిన దేనినైనా కిందికి దించడం అల్లాహ్ విధానమని చెప్పి ఆయన వారిని ఊరడించారు. ఓడిపోయి వచ్చిన పిల్లలకు ఆ సాయంత్రమే ఉపదేశాలు అక్కర్లేదు. అన్నం పెట్టండి, పడుకోనివ్వండి. మ్యాచ్ గురించి మాట్లాడుకోవడానికి మరునాడున్నది.

మరునాడు అనగానే సిరాజ్ గుర్తుకు రాక తప్పదు. 2025 ఆగస్టు 3న లండన్‌లోని ఓవల్ మైదానంలో ఇంగ్లాండ్ బ్యాటర్ హ్యారీ బ్రూక్ కొట్టిన బంతిని మన హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్ సరిహద్దు వద్ద పట్టుకున్నాడు. కాని పాదం సరిహద్దు తాడుకు తగిలి అది సిక్స్ అయింది. అప్పటికి బ్రూక్ పరుగులు 19, అవుటయ్యేసరికి 111. మ్యాచ్ చేజారినట్లేనని అంతా అనుకున్నారు. మరునాటి ఉదయం ఇంగ్లాండ్‌కు కావలసినవి 35 పరుగులు, చేతిలో ఉన్నవి నాలుగు వికెట్లు. ఆ నాలుగింటిలో మూడు సిరాజే తీశాడు. భారత్ 6 పరుగుల తేడాతో గెలిచింది. ఐదు టెస్టుల ఆ సిరీస్‌లో ఒక్క మ్యాచ్ కూడా వదలకుండా ఆడి 185 ఓవర్లకు పైగా వేశాడు, 23 వికెట్లు తీశాడు. అన్ని ఓవర్లు వేసే శక్తి ఒక్క ఉదయంలో వచ్చేది కాదు. తప్పు జరిగిన రాత్రి దాటి తెల్లవారి అదే మైదానంలో నిలబడే మనసు కూడా అంతే. 2020 నవంబరులో ఆస్ట్రేలియాలో జట్టుతో ఉండగానే, ఆటో నడిపి తనను పెంచిన తండ్రి మరణవార్త విన్నవాడతడు. ఇంటికి వెళ్లే వీలు కల్పిస్తామన్నా అక్కడే ఉండి ఆడాడు. 2023 ఆసియా కప్ ఫైనల్‌లో 21 పరుగులకే 6 వికెట్లు తీసి, తనకు వచ్చిన బహుమతి సొమ్మును, వర్షాల మధ్య ఆ టోర్నీ నడిపించిన కొలంబో మైదాన సిబ్బందికి ఇచ్చేశాడు. ఆ బౌలింగ్‌ను అనుకరించే కుర్రవాళ్లు మన వీధుల్లో ఎందరో. ఆ దానం కూడా అనుకరించదగినదే.

ఇక చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా, చెప్పకుండా దాటవేయలేని సంగతి ఒకటున్నది. పద్నాలుగేళ్లలోపు, పదహారేళ్లలోపు పోటీల కోసం జనన ధ్రువీకరణ పత్రంలో ఒకటి రెండేళ్లు తగ్గించడం మన దేశ క్రీడారంగంలో చాలాకాలంగా ఉన్న జాడ్యం. అందరూ చేస్తున్నారు కదా అని ఒకరు, అవకాశం పోతుంది కదా అని మరొకరు. చిన్నపిల్లల క్రికెట్‌లో ఎడమ మణికట్టును ఎక్స్‌రే తీసి ఎముక వయసును అంచనా వేసే పరీక్షను క్రికెట్ బోర్డు అమలు చేస్తున్నది. వయసు దాచినవారు స్వచ్ఛందంగా చెబితే శిక్ష ఉండదని, పట్టుబడితే రెండేళ్ల నిషేధమని 2020లో ప్రకటించింది కూడా. కాని పట్టుబడతారన్నది మా వాదన కాదు. ఆ పత్రం తెచ్చేది పదకొండేళ్ల పిల్లవాడు కాదు, మనం. అబద్ధం పలకరాదని ఇంట్లో నేర్పిన నోటితోనే, ఎవరైనా అడిగితే ఫలానా ఏడాది పుట్టానని చెప్పమని వాడికి నేర్పుతాము. ఆ తేదీని వాడు పదో తరగతి మెమోలోనూ, ఉద్యోగంలోనూ, నిఖానామాలోనూ మోయాలి. అంతేకాదు, జట్టులో వాడు నిలబడిన చోటు నిజంగా చిన్నవయసులో ఉన్న మరో బిడ్డది. ఒకరి హక్కును తీసుకొని మన బిడ్డకు ఇచ్చిన విజయం హలాల్ సంపాదనలా ఎలా ఉంటుందో మాకు అర్థం కాదు.

జిమ్ములో ఎవరో ఇచ్చిన పొడులు, మాత్రలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. దేహంలో నిషిద్ధ పదార్థం దొరికితే తెలియక వాడాననడం తప్పించుకునే మార్గం కాదు, బాధ్యత క్రీడాకారునిదే.

విశ్రాంతి గురించి ఒక మాట. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో ఇంకా గట్టిపడని భాగాలుంటాయి. ఏడాది పొడవునా ఒకే ఆట, ఒకే కదలిక చేస్తూ పోతే నొప్పులు మొదలయ్యేది అక్కడే. వారానికి కనీసం ఒకటి రెండు రోజులు సాధన మాన్పించమని, కౌమారంలో ఉన్నవారికి రాత్రి ఎనిమిది నుండి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. రమజాన్ మాసంలో హైదరాబాద్ గల్లీల్లో దీపాల కింద తెల్లవార్లూ సాగే టెన్నిస్ బంతి టోర్నమెంట్లు చూస్తుంటే ముచ్చట వేస్తుంది, నిజమే. సెహ్రీ దాకా ఆడి, ఫజ్ర్ వేళకు నిద్రపోయి, బడికి ఎగనామం పెట్టే పిల్లవాడిని చూస్తే ఆ ముచ్చట పోతుంది.

ఆట ముగిసిన తరువాత ఏమిటన్నది చాలా ఇళ్లలో ఎవరూ ఎత్తని ప్రశ్న. ఎత్తితే బిడ్డ నిరుత్సాహపడతాడేమోనని భయం. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ జీవితం ఆ భయానికి మంచి జవాబు. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు, ఉస్మానియా పట్టభద్రుడు. భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడై 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు. ఆయన కాలంలోనే 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోరంగా ఓడింది. నాలుగేళ్లకే, 1956 మెల్‌బోర్న్‌లో, ఒలింపిక్స్ సెమీఫైనల్ చేరి నాల్గవ స్థానంలో నిలిచింది. ఆటగాళ్లు తమకు బలహీనమైన పాదంతోనే ఆడాలన్న నియమంతో ఆయన పోటీలు పెట్టేవారని చెబుతారు. జకార్తాలో రెండవ స్వర్ణం తెచ్చేనాటికే క్యాన్సర్ ఆయన దేహంలో ఉన్నది, 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆయన పేరు నేటికీ నిలిచినది ఆటగానిగా కాదు, గురువుగా.

కాబట్టి బిడ్డ చదువును ఆటకు శత్రువుగా చూడనక్కర్లేదు. వ్యాయామ విద్యలో డిగ్రీ, పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో శిక్షకుల డిప్లొమా, ఫిజియోథెరపీ, అంపైరింగ్, రైల్వే, పోలీసు శాఖల్లో క్రీడా కోటా వంటి దారులన్నీ మైదానం తెలిసిన, పుస్తకం వదలని పిల్లలవే. నిఖత్‌నూ సిరాజ్‌నూ తెలంగాణ ప్రభుత్వం 2024లో డీఎస్పీలుగా నియమించింది, అంతటి స్థాయి కొద్దిమందికే. జిల్లా స్థాయిలో ఆగిపోయేవారే ఎక్కువ. అటువంటి బిడ్డ పదో తరగతిలో ఉన్నప్పుడే తల్లిదండ్రులిద్దరూ కూర్చొని, వీలైతే కోచ్‌ను కూడా ఇంటికి పిలిచి, ఈ దారుల్లో ఏది సరిపోతుందో నింపాదిగా మాట్లాడుకోవాలని మా సలహా. గాయమై మంచంలో ఉన్న రోజున ఆ మాట ఎత్తితే అది బిడ్డకు శిక్షలా వినిపిస్తుంది.