జట్టులో మాటెవరిది?

2025 ఫిబ్రవరి 22న మా నాగర్‌కర్నూల్ జిల్లాలో దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలింది. శ్రీశైలం నీళ్లను నల్లగొండ వైపు మళ్లించడానికి దాదాపు 44 కిలోమీటర్ల పొడవున తలపెట్టిన సొరంగం అది. ఆగిపోయిన పని మళ్లీ మొదలై నాలుగు రోజులే అయింది. లోపల పద్నాలుగో కిలోమీటరు దగ్గర పైకప్పు విరిగిపడి, నీళ్లూ బురదా ముంచుకొచ్చి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఇద్దరు ఇంజనీర్లు, ఇద్దరు యంత్రం నడిపేవాళ్లు, నలుగురు కూలీలు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకాశ్మీర్‌ల నుంచి పనికోసం నల్లమలకు వచ్చినవాళ్లు.

ఆ తర్వాత రెండు నెలలు ఎవరు రాలేదు చెప్పండి! సైన్యం, నౌకాదళం, విపత్తు దళాలు, సింగరేణి గనుల వాళ్లు, ఇనుము కోసే రైల్వే వాళ్లు, భూమి పొరలు చదివే శాస్త్రవేత్తలు, శవాల జాడ పట్టే కేరళ పోలీసు కుక్కలు, 2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారాలో యంత్రం విరిగిపోతే చేతులతో తవ్వి 41 మందిని బతికించిన 'ఎలుక బొరియల' కార్మికులు. ఇన్ని వృత్తుల వాళ్లు ఒక్క జట్టుగా పనిచేస్తున్నారని పేపర్లు రాశాయి. ఇద్దరి శవాలు దొరికాయి. మిగతా ఆరుగురు దొరకకుండానే ఏప్రిల్‌లో వెతుకులాట ఆగింది.

కూలిన తర్వాత వచ్చిన జట్టు గురించి అందరూ మాట్లాడారు. కూలక ముందు కూడా అక్కడ ఒక జట్టుంది కదా. రాయిని పరీక్షించినవాళ్లు, డబ్బు లెక్క చూసేవాళ్లు, ఇంజనీర్లు, ఆపరేటర్లు, బురద ఎత్తేవాళ్లు. ఆ భాగంలో రాయి బలహీనంగా ఉండొచ్చని 2020లోనే ఒక సర్వే నివేదిక హెచ్చరించిందని పత్రికల్లో వచ్చింది. ఎవరి తప్పెంతో విచారణలు తేల్చాలి. నేనడిగేది ఒక్కటే. "ఇయ్యాల లోపలికి పోవద్దు" అని చెప్పే హక్కు, ఆ మాట మీద పని ఆపించే హక్కు, లోపలికి పోయే మనుషుల్లో ఎవరికుంది?

మహిళల హక్కుల పత్రికలో సొరంగం గొడవెందుకని అడగొచ్చు. ఇదే ప్రశ్న నాకు ప్రతి నెలా మరోచోట ఎదురవుతుంది కాబట్టి రాస్తున్నాను. ఆ జట్టులో దాదాపు అందరూ ఆడవాళ్లే. కూలినా పేపర్లలో రాదు. ఊళ్లో ఒక గర్భిణి చనిపోతే మొదటి పేజీలో వేసిన పత్రికను నేను చూడలేదు.

పల్లెలో ఒక గర్భిణి చుట్టూ ఉండే మనుషుల్ని లెక్కపెట్టండి. ఇల్లిల్లూ తిరిగే ఆశా. బరువు తూచి, గుడ్డూ పాలూ అన్నం పెట్టే అంగన్‌వాడీ టీచరు, ఆయా. సూది వేసి, బీపీ చూసి రాసుకునే ఏఎన్‌ఎం. పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సు, డాక్టరు. 108 బండి డ్రైవరు. కాగితం మీద దీన్ని 'టీమ్' అంటారు. వీళ్ల మధ్య 'సమన్వయం' పెంచడానికి శిక్షణలు పెడతారు. ఫ్లెక్సీ కడతారు, ఆటలాడిస్తారు, చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడమంటారు. శిక్షణ అయిపోగానే డాక్టరుగారు కారెక్కుతారు. అందరి సంచులూ ఆయా సర్దుతుంది.

నెలకోసారి పీహెచ్‌సీలో ఆశాల మీటింగు జరుగుతుంది. నేను చూసిన చాలా చోట్ల కూర్చునే తీరే అంతా చెప్పేస్తుంది. డాక్టరుకు కుర్చీ, సూపర్‌వైజరుకు కుర్చీ, ఏఎన్‌ఎంలకు బల్లలు, ఆశాలకు గచ్చు. మాటలూ ఆ వరసలోనే నడుస్తాయి. పైనుంచి కిందికి టార్గెట్లు దిగుతాయి, కిందినుంచి పైకి అంకెలు ఎక్కుతాయి. ఊళ్లో ఏం జరుగుతోందో చెప్పే మాటకు ఎక్కడానికి మెట్లే లేవు. గచ్చు మీద కూర్చున్న వాళ్లలో ఎక్కువమంది దళిత, బీసీ, ఆదివాసీ ఆడవాళ్లని విడిగా చెప్పాలా?

నల్లమల అంచున ఒక ఊరి సంగతి చెప్తాను. ఊరి పేరు, ఆసుపత్రి పేరు రాయను. రాస్తే ఆ ఆశాకే ఇబ్బంది. ఎనిమిదో నెల గర్భిణి కాళ్లు, మొహం ఉబ్బాయి. తలనొప్పి, కళ్లకు మసక. ఆశా చూసి ఏఎన్‌ఎంకు ఫోన్ చేసింది. "పోయిన వారమే చూసిన గద, బీపీ నార్మల్ అని రాసిన" అని జవాబు. ఆశా ఊరుకోలేదు. పీహెచ్‌సీకి పోయి డాక్టరుకే చెప్పింది. "ఏమ్మా, నువ్వు డాక్టరువా నేను డాక్టరునా?" అన్నాడాయన. నలుగురి ముందు అన్నాడు. ఆమె తిరిగొచ్చింది. మూడో రోజు రాత్రి గర్భిణికి ఫిట్స్ వచ్చాయి. జిల్లా ఆసుపత్రికి తీసుకుపోతే ప్రాణం దక్కింది, బిడ్డ దక్కలేదు. విచారణకు వచ్చిన అధికారి మొదట ఎవర్ని పిలిచాడు? ఆశాను. "ముందుగా ఎందుకు గుర్తించలేదు?" అని అడిగాడు. ఆమె గుర్తించిందనడానికి ఎక్కడా ఒక్క అక్షరం లేదు. ఆమె చెప్పిన మాటను ఎవరూ ఎక్కడా రాసుకోలేదు మరి.

ఆ డాక్టరు చెడ్డవాడు అంటే కథ అక్కడితో ముగిసిపోతుంది, ఆయన్ని బదిలీ చేస్తే సరిపోతుంది. బహుశా చెడ్డవాడు కాడు కూడా. రోజుకు వందమందిని చూస్తాడు. ఏఎన్‌ఎం కూడా అబద్ధమాడలేదు. వారం కింద బీపీ నిజంగానే బాగుండి ఉంటుంది. ఎవరి పని వాళ్లు చేశారు. అయినా బిడ్డ చనిపోయింది. నిన్నటి సంగతి తెలిసినవాళ్లకు నిర్ణయించే అధికారముంది, ఇయ్యాలటి సంగతి తెలిసిన మనిషికి నోరు లేదు. రోగం అక్కడుంది.

ఆ నోరు లేకపోవడం దేవుడు రాసిన రాత కాదు. జీతంలో రాసి ఉంది, ఉద్యోగం పేరులో రాసి ఉంది. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశాలు వచ్చినప్పుడే వాళ్లను 'స్వచ్ఛంద కార్యకర్త' అన్నారు. ఉద్యోగి కాదు కాబట్టి జీతం లేదు, పారితోషికం. పనిపనికీ ఇంత. తెలంగాణలో ఆశాలు 2015లో 106 రోజులు సమ్మె చేశారు. పెరుగుతూ పెరుగుతూ 2022లో 9,750 రూపాయలకు వచ్చింది. అదీ చేసిన పనుల లెక్క చూపితేనే. అదే 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశ ఆశాలకు అంతర్జాతీయ పురస్కారం ప్రకటించింది. మంత్రులు చప్పట్లు కొట్టారు. పురస్కారం వచ్చిన మరుసటి రోజు కూడా ఆశా గచ్చు మీదే కూర్చుంది.

ఇంకో లెక్క చూడండి. బాలింత చనిపోతే ఆ సమాచారం ఇచ్చినందుకు ఆశాకు 200 రూపాయలు ఇవ్వాలని మాతృ మరణాల సమీక్ష నియమాల్లో ఉంది. చావును నమోదు చేయడానికి ఆమె మాట పనికొస్తుంది. ఆపడానికి పనికిరాదా?

"చదువులేని వాళ్లకు అధికారమిస్తే ప్రాణాల మీదికొస్తుంది" అని పెద్ద చదువుల వాళ్లంటారు. మన సరిహద్దు అవతలే ఉన్న గడ్చిరోలి వైపు చూడమనండి. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ల జంట ఊరి ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి, పసిగుడ్డులో ఇన్‌ఫెక్షన్ లక్షణాలు కనిపిస్తే ఇంటి దగ్గరే సూదిమందు వేసే పని అప్పగించారు. 39 ఊళ్లలో పసిబిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఆ ఆడవాళ్లు డాక్టర్లకు పోటీ రాలేదు. డాక్టరు లేని గంటలో తమకు తెలిసింది చేసే అనుమతి వాళ్లకుంది, వెనక డాక్టరున్నాడన్న ధైర్యముంది. ఆ అనుభవం నుంచే దేశమంతటా ఆశాలు బాలింత ఇంటికి ఆరేడుసార్లు పోయి చూసే పథకం 2011లో వచ్చింది. మన ప్రభుత్వాలు గడ్చిరోలి నుంచి ఇంటింటికీ తిరగడాన్ని తెచ్చుకున్నాయి, సూది వేసే నమ్మకాన్ని అక్కడే వదిలేశాయి. అన్ని సందర్శనలకూ కలిపి 250 రూపాయలు కట్టాయి.

పెద్దాసుపత్రుల్లోనూ ఇదే తేలింది. ఆపరేషన్‌కు ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని పైకి చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెక్‌లిస్టులో ఒక నియమం ఉంది. ఆ చెక్‌లిస్టును ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో వాడి చూస్తే ఆపరేషన్ తర్వాత మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో ప్రచురించారు. పేరు చెప్పడానికీ ప్రాణానికీ ఏం సంబంధమంటే, ఒకసారి నోరు తెరిచిన నర్సుకు రెండోసారి "సార్, ఆగండి" అనడం సులువవుతుంది. అమెరికాలో ఏమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి జట్లను పరిశీలించినప్పుడు, మంచి జట్లలోనే ఎక్కువ తప్పులు నమోదైనట్టు కనిపించి ఆశ్చర్యపోయింది. వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసినవి దాచడం లేదు. మన దగ్గర జిల్లా సమీక్షలో 'సున్నా' చూపిన పీహెచ్‌సీకి శాలువా కప్పుతారు.

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజు శిబిరంలో 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. రోజుల వ్యవధిలో నలుగురు చనిపోయారు. ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపేయాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. ఒక జట్టు రోజుకు 30కి మించి చేయకూడదని నిబంధన. ముప్పై ఒకటో ఆమెను బల్ల మీదికి ఎక్కిస్తున్నప్పుడు ఆ గదిలో లెక్క తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండరా? పరికరాలు ఎంతసేపు శుభ్రమయ్యాయో చూసిన చెయ్యి ఒక్కటైనా ఉండదా? ఆ మనిషి "చాలు" అని ఉంటే ఆమె ఉద్యోగం ఏమయ్యేదో మనకు తెలుసు.

జట్టు నుంచి మర్యాదగా తప్పుకునే మార్గం ఒకటుంది. దాని పేరు 'రిఫర్'. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, పక్కనున్న గద్వాల జిల్లా నుంచి ఒక నిండు గర్భిణిని ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి, హైదరాబాదు దాకా తిప్పారు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. హైకోర్టు ప్రభుత్వాన్ని వివరణ అడిగింది. ప్రతి ఆసుపత్రీ తన కాగితం తాను సరిగ్గానే రాసుకుని ఉంటుంది.

అత్యవసరంలో ఒక్కరి మాటే చెల్లాలి, తలో మాటా మాట్లాడితే రోగి చస్తుంది అంటారు. నిజమే. రక్తం కారుతున్నప్పుడు ఓటింగు పెట్టమని ఎవరూ అడగడం లేదు. నిర్ణయం డాక్టరుదే కానీయండి. విన్న తర్వాత నిర్ణయించమంటున్నాం, విన్నట్టు సంతకం పెట్టమంటున్నాం. ఆజ్ఞాపించడం వేరు, హెచ్చరించడం వేరు. హెచ్చరించే హక్కు అడిగిన ప్రతిసారీ దాన్ని ధిక్కారంగా చూడటం ఇంట్లో మొగుళ్ల దగ్గర మనకు బాగా అలవాటైన సంగతే.

మనలో మనకున్న గొడవలు కూడా చెప్పుకోవాలి. ఏఎన్‌ఎం ఆశాను "ఏమే" అంటుంది. అంగన్‌వాడీ టీచరు ఆయాతో ఇంటిపని చేయించుకుంటుంది. ఒకే గర్భిణి పేరు అంగన్‌వాడీ ఫోనులో, ఏఎన్‌ఎం రిజిస్టరులో, ఆశా డైరీలో మూడుసార్లు ఎక్కుతుంది. ముగ్గురి బరువు లెక్కలూ కలవవు, కలవనప్పుడు ముగ్గురూ ఒకరినొకరు తిట్టుకుంటారు. కాన్పుకు తోడుపోయిన డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్న తగాదా నేనే రెండుసార్లు తీర్చాను. 2023లో కాంట్రాక్టు రెండో ఏఎన్‌ఎంలు ఆగస్టులో సమ్మెకు దిగారు. అంగన్‌వాడీలు సెప్టెంబరులో దిగారు. ఆశాలు అదే సెప్టెంబరు ఆఖర్లో దిగారు. ఒకే గర్భిణిని చూసుకునే ముగ్గురు, మూడు టెంట్లు, మూడు వినతిపత్రాలు. పైవాడికి ఇంతకంటే ఏం కావాలి? మూడు శాఖలుగా, మూడు జీతాలుగా విడగొట్టినవాడే మనకు టీమ్ స్పిరిట్ లేదని శిక్షణ ఇస్తున్నాడు.

అందుకే శిక్షణ వద్దంటున్నాను. మా సంఘం ఈ ఏడాది అడగబోయేది చాలా చిన్నది. ఆశా ఒక గర్భిణి ప్రమాదంలో ఉందని చెప్తే అది రెండు ప్రతుల చీటీ మీద ఉండాలి: తేదీ, సమయం, ఏం చూసింది, ఎవరికి చెప్పింది. తీసుకున్నవాళ్లు ఏం చేశారో, చేయకపోతే ఎందుకు చేయలేదో ఆ చీటీ మీదే రాసి సంతకం పెట్టి ఒక ప్రతి ఆమెకు ఇవ్వాలి. ఇరవై నాలుగు గంటల్లో జవాబు రాకపోతే ఆమె నేరుగా జిల్లా ఆసుపత్రికి పంపొచ్చు, 108 బండి ఆమె మాట మీద కదలాలి. మరణ సమీక్షలో ఆమె నిందితురాలిగా కాదు, సభ్యురాలిగా కూర్చోవాలి. కూర్చోవడానికి కుర్చీ ఉండాలి.

ఒక అధికారితో ఈ మాట అంటే, "రాతపూర్వకం అంటే రేపు కేసులైతయి కదమ్మా" అన్నాడు. ఆశా మీద ఇప్పటికే అవుతున్నాయని చెప్పి వచ్చాం. చీటీ నమూనా తయారుగా ఉంది, ఒక పేజీ కూడా లేదు. మీ జిల్లాల్లో కావాలంటే రాయండి, పంపిస్తాం. ఏఎన్‌ఎంల సంఘం, అంగన్‌వాడీల సంఘం కూడా దాని మీద సంతకం పెడతాయేమో అడుగుతున్నాం. ఆశాల తరఫున ఇద్దరు వెళ్లి మాట్లాడుతున్నారు.