చెట్టు పేరు చెప్పవూ, తాతా!

కిందటి ఎండాకాలం సెలవుల్లో మనవణ్ణీ మనవరాలినీ వెంటబెట్టుకుని మా కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి వృక్షోద్యానానికి వెళ్ళాను. పుట్టి పెరిగిన ఊరు, నాకు తెలియని తోటా అనుకుని ఏ ఏర్పాటూ లేకుండా బయలుదేరాను. చేరేసరికి మిట్టమధ్యాహ్నం. చేతిలో ఒక్కటే నీళ్ళ సీసా. పది నిమిషాల్లో పిల్లలిద్దరూ ఓ చెట్టు నీడన కూలబడ్డారు.

మనవరాలు ఆకు చూపించి, "తాతా, ఇది పుంగమరం కదా? మన తెలుగులో ఏమంటాం?" అంది. "పుంగమరమే అంటాం" అన్నాను, ఏమాత్రం తడుముకోకుండా.

ఆ రాత్రి పడుకున్నాక, చిన్నప్పుడు గజ్జి లేస్తే అమ్మ రాసిన నూనె వాసన గుర్తొచ్చింది. కానుగ నూనె! అది కానుగ చెట్టు! కర్ణాటకలోని మన వాళ్ళు దాన్ని హొంగె అనీ, మహారాష్ట్ర, ఒడిశాల్లోని వాళ్ళు కరంజ అనీ చుట్టుపక్కల వింటూనే ఉంటారు. మీ ఇంట్లో ఏమంటున్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. తమిళ మాట నేర్చుకోవడంలో తప్పేమీ లేదు. అది మనకు అన్నం పెట్టిన భాష. కానీ అమ్మ మాట నా నోట్లోంచి ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియలేదు.

అందుకే వచ్చే జనవరిలో మళ్ళీ వెళుతున్నాం. ఈసారి పద్ధతిగా. మీ ఊళ్ళో ఇలాంటి తోట ఉంటే పనికొస్తుందని మా ఏర్పాట్లు రాస్తున్నాను.

మొదటిది, కాలం. ఇక్కడ అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు. అవి వెనుకబట్టాక జనవరి హాయిగా ఉంటుంది. పొద్దున్నే వెళ్ళి ఎండ ముదరకముందే తిరిగి రావాలి. వేళలూ ప్రవేశ రుసుమూ మారుతుంటాయి గనుక ముందురోజే ఫోన్ చేసి కనుక్కోవాలి. నలుగురైదుగురు కుటుంబాలతో కలిసి వెళ్ళేటట్లయితే ముందుగా ఒక ఉత్తరం రాసుకోవడం మంచిది. ఇది చదువు చెప్పే చోటు, ఉత్త విహారస్థలం కాదు. 1868లో మద్రాసు సైదాపేటలో పెట్టిన వ్యవసాయ పాఠశాల 1906లో ఇక్కడికి వచ్చింది. 1971లో విశ్వవిద్యాలయమైంది. కాబట్టి ఆకు తుంచకూడదు. రాలినదే ఏరుకోవాలి.

రెండోది, పుస్తకం. పిల్లలు ఒక్కొక్కరికీ గీతలు గీసిన నోటు పుస్తకం. నాలుగు గడులు: శాస్త్రనామం, తమిళ పేరు, తెలుగు పేరు, చెప్పినవారి పేరు. తెలుగు లిపి రాని పిల్లలు తమిళ లిపిలోనే తెలుగు పేరు రాసుకోవచ్చు. ముందు మాట మిగలాలి, లిపి తర్వాత నేర్పుకుందాం. దారిలో కనబడినా, తోటలో కనబడినా వెతకమని ఈ జంటలు ఇచ్చాను: మగిళం మన పొగడ, వన్ని మన జమ్మి, ఆవారం మన తంగేడు, పురసు మన మోదుగ, ఎరుక్కు మన జిల్లేడు.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1781లో సామర్లకోట చేరి, అక్కడ మొక్కలు పెంచుతూ అక్కడి జనం చెప్పిన తెలుగు పేర్లన్నీ రాసుకున్నాడు. యానాం పాఠకులకు సామర్లకోట పొరుగూరే. 1787 తుపానులో ఆయన పుస్తకాలూ కాగితాలూ పోయాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, మూడు వందల బొమ్మలతో వచ్చింది. మన సోమిద చెట్టు పేరు 'సొయ్‌మిడా' అని శాస్త్రనామంలోకే ఎక్కింది. పరాయి దేశస్థుడు అడిగి రాసుకున్న మాటను ఇంట్లో ఉన్న మనం అడగకపోతే ఎలా?

మూడోది, గడ్డి. తోట చూశాక ఊళ్ళోనే ఉన్న చెరకు పరిశోధనా సంస్థ సంగతి పిల్లలకు చెప్పాలి. అది 1912లో మొదలైంది. చెరకును రెల్లుతో సంకరం చేసి 1918లో 'కో 205' రకాన్ని విడుదల చేశారు. తమిళంలో నాణల్ అనే ఆ రెల్లే ఉత్తరాది పొలాలకు తట్టుకునే చెరకునిచ్చింది. ఏటిగట్టు గడ్డి అని తీసిపారేసేది లేదు.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, మా అక్క. ఎనభై నాలుగేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. తోటకని పిలిస్తే, "ఆ వయసు దాటిపోయిందిరా" అంది. ఫోనులోనే చిల్లగింజ సంగతి అడిగాను. "తేత్తాంకొట్టై అంటారే, అదే కదూ? బురద నీళ్ళ కుండలో లోపలివైపు అరగదీస్తే మట్టి అడుక్కి దిగిపోయేది" అని మొదలుపెట్టి అరగంట ఆపలేదు. ఆ అరగంటలో పదకొండు పేర్లు రాసుకున్నాను. అందులో నాలుగు నేను పూర్తిగా మరచిపోయినవి.

అందుకని మడత కుర్చీ ఒకటి, ఆటో ఒకటి మాట్లాడాను. అక్క నడవక్కరలేదు. నీడన కూర్చుంటే పిల్లలే రాలిన ఆకులు తెచ్చి చూపిస్తారు. ఈ మాట చెప్పాక ఒప్పుకుంది. "మీరు పుస్తకాలు తెచ్చుకోండి, నేను నోరు తెచ్చుకుంటాను" అంది.

తోట వచ్చే ఏడూ ఉంటుంది. మీ ఇంట్లోనూ ఇలాంటి అక్కో, అవ్వో ఉంటే ఈ సెలవుల్లోనే ఏర్పాటు చేసుకోండి.