సాగుదారుని పేరు

1949 నవంబరు 25వ తేదీన రాజ్యాంగ సభలో డాక్టరు అంబేద్కరు ఒక హెచ్చరిక చేసిరి. రాజకీయములందు ప్రతి మనుజునకు ఒకే వోటు, ప్రతి వోటునకు ఒకే విలువ లభించును గాని, సాంఘికార్థిక జీవనమున అసమానత అట్లే నిలిచియుండునని, ఆ వైరుధ్యమును త్వరగా తొలగింపకున్న ప్రజాస్వామ్యమునకే ముప్పని వారి భావము. తెలుగు పల్లెలలో ఆ వైరుధ్యమునకు నేటికిని ప్రత్యక్ష నిదర్శనము కౌలు రైతు.

విత్తనము, ఎరువు, కూలి, పెట్టుబడి యంతయు అతనిదే. పైరు పండినను ఎండినను ఒప్పుకొన్న కౌలు చెల్లింపవలసినదే. కాని పట్టాదారు పాసుపుస్తకమున అతని పేరుండదు. పేరు లేనిచో బ్యాంకు అప్పు దొరకుట కష్టము. అది దొరకనిచో వడ్డీ వ్యాపారియే దిక్కు. 2018లో తెలంగాణమున ఆరంభమైన రైతుబంధు పథకము, పంటకాలమునకు ఎకరమునకు 4,000 రూపాయల చొప్పున పట్టాదారులకు సాయమిచ్చినది, కౌలుదారులకు వర్తింపలేదు. సాయము మంచిదే. అయినను అది భూమి కలవానికే చేరినచో కలిమిలేముల నడుమ ఎడము తగ్గునా?

దాతృత్వము ఈ కొరత తీర్చునా? 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబా భావేను 80 ఎకరములు కోరగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు సమర్పించిరి. భూదానోద్యమము అచ్చటనే పుట్టినది. ఆ త్యాగము వందనీయము. కాని దానము దాత మనసుపై ఆధారపడును. హక్కు చట్టముపై నిలుచును.

చట్టములును లేకపోలేదు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సాగుదారులకు రుణార్హత కార్డులిచ్చు శాసనము చేసినది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన మరియొక చట్టము భూయజమాని సమ్మతిని కోరినది. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. సంతకము చేసినచో భూమి చేజారునేమోయని యజమానికి భయము. పట్టుబట్టినచో మరుసటి యేట కౌలే దొరకదని రైతుకు భయము.

పశ్చిమ వంగమున 1978లో ఆరంభమైన ఆపరేషన్ బర్గా వేరొక మార్గము చూపినది. అధికారులే గ్రామములకు పోయి, నలుగురి యెదుట విచారించి, పాలికాపుల పేర్లు నమోదు చేసిరి. పదిలక్షలకు మించి పేర్లు చేరినవి. పెట్టుబడి తనదైన పాలికాపునకు పంటలో నాలుగింట మూడు పాళ్లు చట్టము ప్రకారము లభించినవి.

హాజరుపట్టీలో పేరు లేని బాలుడు తరగతిలో కూర్చున్నను బడిలో లేనివాని క్రిందనే లెక్క. కౌలు రైతు స్థితియు అట్టిదే. యజమాని పట్టాకు భంగము లేదని శాసనమున స్పష్టపరచి, ఏటేట గ్రామసభలో సాగుదారుని పేరు వ్రాయవలెను. అప్పు, బీమా, నష్టపరిహారము ఆ పేరును బట్టియే అందవలెను. అసమానత యంతయు దీనితో తీరదు. కాని ఈ మొదటి అడుగు పడనిదే తక్కిన పథకములు చెమటోడ్చినవాని గడప తొక్కవు.