వేవిళ్లు: అత్తగారితో నొకమాట

కోడలు కడుపుతో నున్నదని తెలిసిననాడు ఇంటిల్లిపాదియు సంతసింతురు. పదిదినములు గడచి, అన్నము ఉడుకు వాసనకే కడుపు త్రిప్పి, ఆమె పొయ్యి దగ్గరకు పోజాలక పండుకొన్నప్పుడు ఆ సంతోషము కొంత సడలును. “మేము పిల్లలను కనలేదా? మాకీ సుకుమారములు లేవే!” అను మాట పెద్దల నోట వెడలును. కావున ఈ నెల మేము గర్భిణులతోడనే గాక, వారి అత్తగార్లతోను తల్లులతోను గూడ మాటాడదలచితిమి.

గర్భిణులలో నూటికి సుమారు 70 మందికి వేవిళ్లు కలుగును. సాధారణముగా ఆఱవ వారమున మొదలై, తొమ్మిదవ వారమునకు ముదిరి, నాలుగవ నెల నిండునప్పటికి చాలమందికి తగ్గిపోవును. ప్రొద్దుటిపూటనే వచ్చునను నియమము లేదు. ఇది సోమరితనము గాదు, నటనయు గాదు. జి.డి.ఎఫ్.15 అను పదార్థము దీనికి ముఖ్యకారణమని 2023 డిసెంబరులో ఇంగ్లండు, అమెరికా దేశముల శాస్త్రజ్ఞులు కలిసి వెల్లడించిరి. కడుపులోని శిశువువలన నది తల్లి రక్తమున చేరును. గర్భమునకు పూర్వము ఎవరి దేహమున నది తక్కువగా నుండెనో వారికి బాధ యెక్కువ. అత్తగారికి రాని వాంతులు కోడలికి వచ్చుటలో వింత యేమియు లేదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో వేరుసెనగ, ప్రత్తి చేలలో ఎండకు పనిచేయు స్త్రీలు పెక్కుమంది. గద్వాలలో మగ్గము పనికి తోడ్పడువారును గలరు. వీరు పరగడుపున పనికి పోరాదు. మేల్కొనగానే దిగ్గున లేవక, ప్రక్కమీదనే గుప్పెడు బొరుగులో, ఎండిన జొన్నరొట్టె ముక్కయో నమిలి, పావుగంట యాగి లేవవలెను. రెండుపూటలు కడుపునిండ తినుటకు మారుగా, రెండుగంటల కొకసారి కొద్దికొద్దిగా తినుట మేలు. చల్లారిన యన్నమునకు వాసన తక్కువ. నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, పలుచని జొన్న అంబలి గుటక గుటకగా త్రాగవలెను. అల్లము కొందరికి గుణమిచ్చును. నూనెవంటలు, మిక్కిలి కారము మానవలెను.

తెలంగాణమున 2015 జనవరి 1న ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము క్రింద అంగన్‌వాడీలో గర్భిణికి ఒకపూట భోజనము, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఏర్పాటు చేసిరి. అన్నియు ఒక్కసారి తినలేనివారు అన్నము ముందుగాను, పాలు కొంతసేపటికిని పుచ్చుకొనవచ్చును. తొలి మూడు నెలలలో ఫోలిక్ ఆమ్లపు మాత్ర మానరాదు. నాలుగవ నెల మొదలు ఇచ్చు ఇనుపమాత్ర వికారము కలిగించినచో, రాత్రి భోజనమైన పిమ్మట వేసికొనవచ్చును.

మందుల విషయమున జాగ్రత్త యవసరము. పశ్చిమ జర్మనీలో 1957లో అమ్మకమునకు వచ్చిన థాలిడోమైడు అను మాత్రను నిరపాయమని నమ్మి గర్భిణులు వేవిళ్లకు వాడిరి. పలు దేశములలో సుమారు 10,000 మంది శిశువులు అవయవలోపముతో జన్మించిరి. 1961లో దాని నచట నిలిపివేసిరి. అట్లని మందే లేదని భయపడ నక్కఱలేదు. బి6 విటమినుతో గూడిన డాక్సిలమైను మాత్ర చిరకాలముగా పరీక్షకు నిలిచినది. అయినను వైద్యులు చెప్పినగాని ఏ మాత్రయు మ్రింగరాదు.

ఇక నోర్చుకొనరాని వేవిళ్లు గలవు. ఒక దినమంతయు నీళ్లయినను నిలువకుండుట, మూత్రము ముదురురంగు దాల్చుట లేక ఎనిమిది గంటలు రాకుండుట, లేచిన కన్నులు తిరుగుట, బరువు తగ్గుట, వాంతిలో నెత్తురు, జ్వరము, కడుపునొప్పి: వీనిలో నేది కనబడినను ఆనాడే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఊరిలోనే గ్లూకోజు సీసా యెక్కించి యింటికి పంపుట చాలదు. పలుదినములు అన్నము నిలువనివారికి బి1 విటమిను తఱుగును. దానిని ముందుగా నీయక గ్లూకోజు నెక్కించినచో మెదడునకు హాని కలుగవచ్చును. ఈ సంగతి వైద్యునికి జ్ఞాపకము చేయుట తప్పుగాదు. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు నెలకొనినవి. పూర్వమువలె ప్రతిదానికిని మహబూబ్‌నగరమో కర్నూలో పోవలసిన పని లేదు.

అత్తగారూ! ఈ రెండు మూడు నెలలు పోపు పెట్టు పని మీరు గాని, మీ కుమారుడు గాని చేయుడు. “ఏమైన తింటివా?” అని అడిగినట్లే “మూత్రమునకు పోతివా?” అనియు నడుగుడు. సిగ్గుచే కోడలు తానై చెప్పజాలని సంగతి యది. మీరడిగిననే తెలియును.