లోపమంటే నాశనం కాదు

"పోయిన ఫైలు పోయినట్టేనండీ" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట కంప్యూటర్లు బాగుచేయడమే వృత్తిగా గలవారి నోట వినవలసి రావడం మరీ విచారకరం. వట్టి అజ్ఞానమైతే క్షమించి ఊరుకోవచ్చు. కాని ఈ అజ్ఞానం మనుషుల ఏళ్ళ తరబడి శ్రమను మింగుతున్నది. అందుచేత ఈ టపా కాస్త ఘాటుగానే ఉంటుంది. పెద్దమనసుతో మన్నించగలరు.

యడాగమం, సరళాదేశం అంటూ బడిలో సంధులు వల్లెవేసినవారికి లోపం, ఆగమం, ఆదేశం అనే మాటలు కొత్త కావు. పాణిని లోపానికి చెప్పిన అర్థం కనబడకపోవడమే గాని నశించిపోవడం కాదు. ఆగమం మిత్రునివలె వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆదేశం శత్రువువలె వచ్చి, ఉన్నదానిని వెళ్ళగొట్టి ఆ చోటు ఆక్రమిస్తుంది. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు ఈ సంగతి చెప్పినవాణ్ణి. కంప్యూటరులోనూ జరిగేది ఇదేనని తెలియడానికి మాత్రం దెబ్బ తినవలసి వచ్చింది.

ఉద్యోగరీత్యా తిరిగిన ఊళ్ళలో రైతులు, కుమ్మరులు, నేతపనివారు వాడే పలుకుబళ్ళను సేకరించి 46 ఫైళ్ళుగా టైపు చేసుకున్నాను. నిరుడు ఒకనాడు ఆ ఫోల్డరును పాత నకలు అనుకొని, షిఫ్టు మీట నొక్కిపట్టి డిలీట్ కొట్టాను. అలా కొడితే ఫైలు రీసైకిల్ బిన్‌లోకైనా పోదు. కంగారుపడి బాగుచేసే కుర్రవాణ్ణి పిలిపించాను. "అవింక రావు మాస్టారూ. ఎలాగూ సిస్టం స్లో అయింది, ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేసేస్తాను" అన్నాడు. నేను తల ఊపాను. డిలీట్ కొట్టడం పొరపాటు, తల ఊపడం మాత్రం తప్పు.

ఫైలును చెరిపినప్పుడు విండోస్ సాధారణంగా చేసే పని ఇంతే: తన పట్టికలో "ఈ చోటు ఖాళీ" అని గుర్తు పెట్టుకుంటుంది. మామూలు హార్డుడిస్కు మీద మన అక్షరాలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఇది లోపం. ఆ చోట మరొకటి రాసినప్పుడే అవి నిజంగా పోతాయి. అది ఆదేశం. కొత్తగా విండోస్ వేయడమంటే గిగాబైట్ల కొద్దీ ఆదేశాలను ఆ డిస్కు మీదికి తోలడమే. ఇదేమీ దేవరహస్యం కాదు. 1991లో వచ్చిన ఎంఎస్-డాస్ 5.0లోనే చెరిపినదానిని వెనక్కు తెచ్చే అన్‌డిలీట్ ఆజ్ఞ ఉన్నది. ఇన్నేళ్ళ తరువాత కూడా "రావు" అని ఒక్క మాటతో తేల్చేయడం ఏ వృత్తిధర్మం?

తరువాత తెలిసినవారి సలహాతో ఆ డిస్కును ఊడదీసి, వేరొక కంప్యూటరుకు తగిలించి, ఉచితంగా దొరికే ఫోటోరెక్ అనే సాఫ్టువేరుతో వెదికించాను. 19 ఫైళ్ళు దొరికాయి. పేర్లు లేవు, లోపలి పాఠం ఉన్నది. మిగిలిన 27లో ఒక కుమ్మరి పెద్దాయన సారెకు, ఆవానికి సంబంధించి చెప్పిన మాటలున్నాయి. మళ్ళీ అడుగుదామంటే ఆయన లేరు.

"ఏ ఫైలైనా తెచ్చిస్తాం" అని డప్పు కొట్టేవారినీ నమ్మకండి. ఎస్సెస్డీ డిస్కుల సంగతి వేరు. 2009లో వచ్చిన విండోస్ 7 నుండి, ఫైలు చెరపగానే ఆ చోటు ఇక అక్కరలేదని ట్రిమ్ అనే ఆజ్ఞ ద్వారా డిస్కుకు కబురు అందుతున్నది. డిస్కు ఆ చోటును తుడిచేసుకుంటే ఇక సాఫ్టువేరుకు దొరికేది ఏమీ ఉండదు. ఏ డిస్కో చూడకుండా "రావు" అనడం ఎంత తప్పో, "వస్తాయి" అనడమూ అంతే తప్పు.

"నకలు దాచుకోకపోవడం మీ తప్పు కాదా?" అంటారు. నిజమే, నూటికి నూరుపాళ్ళూ నాదే. మిత్రునివంటి ఆగమాన్ని పక్కన కూర్చోబెట్టుకోలేదు. కాని రోగి పథ్యం తప్పాడని వైద్యుడు విషం పోయవచ్చునా? డిస్కు మీద చెయ్యి వేసే ముందు "ఇందులో మీకు కావలసినవి ఏమైనా పోయాయా?" అని అడగడానికి అర నిమిషం పట్టదు. చెప్పినా వినిపించుకోనివాడికి డిస్కు అప్పగించకండి.

కనుక మిత్రులారా, ఫైలు పోయిందని తెలిసిన మరుక్షణం ఆ డిస్కు మీద పని ఆపేయండి. వెదికే సాఫ్టువేరును అదే డిస్కులోకి దింపకండి. దొరికినవాటిని వేరొక డిస్కులోనే దాచండి. అన్నిటికంటే ముందు, ఈ టపా చదవడం ముగించి మీ రాతలకు ఒక నకలు తీసుకోండి.

నా పాత డిస్కు బీరువాలో భద్రంగా ఉన్నది. దాని మీద ఆ తరువాత ఒక్క అక్షరమూ రాయనివ్వలేదు. ఆ 27 ఫైళ్ళకు ఇంకేదైనా దారి ఉన్నదని మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నేర్చుకుంటాను.